కార్ఖానా నీటిలోని లోహవిషములు - పొరల వడపోత
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో గావించిన ప్రసంగము)



పరిశ్రమల పరిసరములందున్న గ్రామముల సర్పంచులును, వార్డు సభ్యులును పలువురు ఇచటికి విచ్చేసియున్నారు. "కార్ఖానావారు యంత్రములు పెట్టి నీటిని శుద్ధి చేసితిమనుచున్నారు. ఆ నీటిని మా చెరువులోనికి రానీయవచ్చునా?" అను ప్రశ్న మీలో అనేకులకు ఎదురైనదే. ఎండకాలమున చెరువు నెర్రెలు విచ్చియున్నప్పుడు, ఊరికే నీరు వచ్చునన్న కాదనుట ఏ రైతుకైనను కష్టమే. ఐనను ఆ యంత్రమేది, అది నీటిలోనుండి దేనిని తీసివేయును, తీసివేసినది ఎచటికి పోవును అను సంగతులు తెలియక సమ్మతించుటయు తగదు. తెలియక నిరాకరించుటయు తగదు. ఈ పూట ఆ మూడింటిని గురించియే మాటలాడదలచితిని.

బురదనీరు మనకు క్రొత్త కాదు. చిల్లగింజ అరగదీసి కలిపినను, పటిక త్రిప్పినను బురద అడుగునకు దిగి పైన తేట నిలుచును. అటుపిమ్మట గుడ్డతో వడగట్టి, కాచి త్రాగినచో చాలవరకు రోగభయము లేదు. మన పెద్దలు నేర్పిన ఈ పద్ధతులు బురదకును, క్రిములకును సరిపోవును. భారలోహములకు మాత్రము ఇవి సరిపోవు. సీసము, పాదరసము, కాడ్మియం, క్రోమియం, నికెలు, రాగి మున్నగు లోహములును, వీనితోడనే లెక్కింపబడు ఆర్సెనిక్ అను పాషాణమును కార్ఖానా నీటిలో ఉప్పువలె కరగియుండును. కరగినది గుడ్డలో నిలువదు, అడుగునకు దిగదు. కాచినచో పోకపోగా, నీరు ఆవిరియైన కొలది మిగిలిన నీటిలో మరింత చిక్కనగును. ఈ నీటికి తరచుగా రంగు గాని, వాసన గాని, రుచి గాని ఉండదు. కంటికి తేటగా కనబడు నీరే ఒక్కొక్కచోట మిక్కిలి చెడ్డది.

మరియొక భేదమును గుర్తింపవలెను. పేడ, మలము, కుళ్లిన ఆకు - వీనిని మట్టిలోని సూక్ష్మజీవులు తిని కొంతకాలమునకు నిర్మూలించును. లోహమును ఏ జీవియు తిని హరింపజాలదు. ఒక కార్ఖానా దినమునకు లక్ష లీటర్ల నీటిని వదలుననియు, లీటరుకు 2 మిల్లీగ్రాముల క్రోమియం ఆ నీటిలో నుండుననియు అనుకొందము. దినమునకు 200 గ్రాములు. సంవత్సరమునకు 300 పని దినములైనచో 60 కిలోలు. పది సంవత్సరములైన పిమ్మట 600 కిలోల క్రోమియం ఆ వాగు అడుగునను, చెరువు మట్టిలోను, పొలములోను ఎచటనో ఒకచోట ఉండియే తీరవలెను. పూడికమట్టిని చేనికి తోలుకొనువారు ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనుట మంచిది.

ఇందలి హాని నెమ్మదిగా కలుగునది కనుక జనులకు నమ్మకము కుదురదు. జపానుదేశమున మినమాటా అను అఖాతములోనికి ఒక రసాయన కార్ఖానా పాదరసముతో గూడిన నీటిని వదలినది. అచటి చేపలను తినిన బెస్తవారికి కాళ్లుచేతులు పట్టుతప్పి, చూపు మందగించి, మాట తడబడుట 1956లో అధికారులకు మొదట తెలియవచ్చినది. దానికి కార్ఖానాయే కారణమని ప్రభుత్వము అంగీకరించుటకు 1968 వరకు, అనగా 12 సంవత్సరములు పట్టినది. ఆ దేశముననే జింజూ నదీతీరమున జరిగినది మన రైతులకు ఇంకను దగ్గర విషయము. ఎగువనున్న గనులలోని కాడ్మియం నదిలోనికి దిగి, ఆ నదినీటితో పండిన వరి ద్వారా జనుల శరీరములలో చేరినది. మూత్రపిండములు చెడి, ఎముకలు పెళుసై, కదలిన నొప్పితో కేకలు వేయు స్థితి వచ్చినది. వారి భాషలో ఆ వ్యాధికి "ఇతాయి ఇతాయి" అని పేరు. "నొప్పి, నొప్పి" అని దాని అర్థము. పొలమునకు పెట్టిన నీరే అచట విషమైనది.

మన ప్రాంతమునకు వత్తము. హైదరాబాదునకు సమీపమున, పూర్వపు మెదకు జిల్లాలో, పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములలో 1970వ దశకము నుండి కార్ఖానాలు విస్తారముగా వెలసినవి. వాని నీరు నక్కవాగులో పడి, మంజీరానదికి చేరసాగినది. వాగువెంబడి గ్రామములలో బావులు చెడినవి, పొలములు చెడినవి. 1990లో ఈ విషయము సుప్రీంకోర్టునకు వ్యాజ్యముగా వెళ్లినది. 1994లో పటాన్‌చెరులో సామూహిక వ్యర్థజల శుద్ధికేంద్రము ఏర్పడినది. 2001లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశీలనలో అచటి నేలలో క్రోమియం, ఆర్సెనిక్, కాడ్మియం, తుత్తునాగము, రాగి మున్నగునవి ఎక్కువగా చేరియున్నట్లు తేలినది. శుద్ధికేంద్రము వచ్చిన తరువాతను పాతికేండ్ల పాపము నేలలోనే యున్నది. నీటిని ఆపుట ఒక యెత్తు, నేలను బాగుచేయుట పది యెత్తులు.

సామూహిక శుద్ధికేంద్రములను గురించి నా అభిప్రాయమును దాచక చెప్పుచున్నాను. అనేక కార్ఖానాల నీటిని ఒక తొట్టిలో కలిపి శుద్ధిచేయుట చిన్న పరిశ్రమలకు చౌక కావచ్చును. అచట ముఖ్యముగా సూక్ష్మజీవులచే కుళ్లు పదార్థమును తినిపించు పద్ధతి నడచును. లోహమును ఆ జీవులు తినలేవని ముందే చెప్పితిని. పైపెచ్చు లోహము మితిమీరినచో ఆ జీవులే చచ్చును. లోహపు నీటిని ఇతర నీటితో కలుపుటయే పొరపాటు. కలిపిన పిమ్మట లీటరుకు 20 మిల్లీగ్రాములున్నది 2 అగును. కాగితముపై అంకె తగ్గినట్లు కనబడును. లోహము ఒక్క గ్రాముకూడ తగ్గియుండదు. లోహము ఏ కార్ఖానాలో పుట్టినదో ఆ కార్ఖానా తూమువద్దనే, వేరు నీటితో కలియక పూర్వమే, దానిని పట్టవలెను.

పట్టుట ఎట్లు? మొదటిది సున్నపు పద్ధతి. తోటలు, తమలపాకులు పెంచువారు బోర్డో మిశ్రమము కలుపుట ఎరుగుదురు. మైలుతుత్తమును నీటిలో కరగించినచో నీలముగా తేటగా నుండును. దానిలో సున్నపుతేట చేర్చగనే లేతనీలపు ముద్ద విరుగును. అనగా కరగియున్న రాగి ఘనపదార్థముగా మారినది. కార్ఖానాలలో చేయునదియు ఇదియే. సున్నము గాని, సోడాక్షారము గాని చేర్చి లోహమును మడ్డిగా దింపుదురు. ఇది చౌక, నమ్మదగినది. కాని చిక్కులు లేకపోలేదు. నీటి పులుపును, క్షారమును తెలుపు పి.హెచ్. అను సంఖ్య యున్నది గదా. క్రోమియం 8 ప్రాంతమున చక్కగా మడ్డియగును. నికెలు 10 దాటనిదే సరిగా దిగదు. అంతవరకు పోవునప్పటికి క్రోమియం, తుత్తునాగము మరల కరగనారంభించును. అన్ని లోహములకు ఒకే తొట్టి చాలదు. మరియు క్రోమియమునందు రెండు రూపములు గలవు. పూతపని కార్ఖానాలనుండి వచ్చు పసుపు వన్నె క్రోమియం మిక్కిలి విషకరము, కాన్సరు కలిగించునది. అది సున్నమునకు లొంగదు. ముందు నీటిని ఆమ్లముతో పులియజేసి, అన్నభేది వంటి పదార్థము చేర్చి, దానిని రెండవ రూపమునకు మార్చిన పిమ్మటనే సున్నము పనిచేయును. ఈ మెట్టు తప్పించి సున్నము మాత్రము చల్లిన కార్ఖానా శుద్ధి చేసినట్లు కాదు.

సున్నము ఎంత చక్కగా వేసినను కొంత లోహము మిగిలియే యుండును. ఆ మిగిలినదానికొరకు వచ్చినదే పొరల వడపోత. మన గ్రామములలోని మంచినీటి ఆర్‌.ఓ. ప్లాంటులో నున్నది ఈ పొరయే గనుక మీకు అపరిచితము కాదు.

జల్లెడలో రంధ్రములనుబట్టి రవ్వ వేరు, పిండి వేరు అగును. పొరలును అట్లే. మొదటి తరగతి పొరల రంధ్రములు మైక్రానులో పదవవంతు, అంతకు కొంచెము పైన ఉండును. తల వెండ్రుక లావు సుమారు 70 మైక్రానులు. ఈ పొరలు సన్నని బురదను, మడ్డిని, క్రిములను ఆపును. అల్ట్రా వడపోత అనునది అంతకు పదింతలు సన్నము. అతిసూక్ష్మ క్రిములనుకూడ ఆపును. ఐనను కరగిన లోహకణము తన చుట్టు చేరిన నీటితో కలిపి చూచినను మైక్రానులో వేయవవంతుకంటె చిన్నది. కనుక అది ఈ రెండు పొరలలోనుండియు నిరాటంకముగా జారిపోవును. "మేము పొరల యంత్రము పెట్టితిమి" అని కార్ఖానావారు చెప్పినప్పుడు, ఏ తరగతి పొర అని మీరడుగుటకు కారణమిదియే. అల్ట్రా పొరతో లోహమును ఆపుట బొత్తిగా అసాధ్యమని కాదు. లోహమును పట్టుకొను పెద్ద అణువుల పదార్థమును ముందు నీటిలో కలిపినచో, లోహము దానికంటుకొని పొరవద్ద నిలిచిపోవును. లేదా సున్నముతో మడ్డియైన సన్నని నలుసును పొరతో వడగట్టవచ్చును. పొర ఒక్కటియే పని చేయదు, ముందుపని యుండవలెను.

మూడవది నానో వడపోత. ఇది వేయవవంతు మైక్రాను తరగతి. దీని పొరపై విద్యుదావేశముండును. సామాన్యపు ఉప్పును కొంతవరకు పోనిచ్చి, రెండింతలు, మూడింతలు ఆవేశము గల లోహములను త్రోసివేయును. నాలుగవది విలోమ ద్రవాభిసరణము, మీరు ఆర్‌.ఓ. అనునది. మామిడికాయ ముక్కలపై ఉప్పు చల్లినచో మరునాటికి ఊట ఊరును. ముక్కలోని నీరు తన పలుచని పొరగుండ ఉప్పున్న వైపునకు తరలివచ్చుటయే ఆ ఊట. ఇది ప్రకృతి నియమము. ఉప్పునీటివైపు బలముగా ఒత్తిడి పెట్టినచో నీరు ఎదురు నడచును. ఉప్పు ఈవల నిలిచిపోయి, మంచినీరు ఆవలికి పోవును. అందుకే "విలోమ" అనిరి. సామాన్యపు ఉప్పుదనము గల నీటికి చదరపు సెంటీమీటరుకు 10 నుండి 20 కిలోల ఒత్తిడి కావలెను. లారీ చక్రములోని గాలికి సుమారు రెండింతలనుకొనుడు. సముద్రపు నీటికి 60 కిలోల ప్రాంతము కావలెను. ఈ పని చేయదగిన మొదటి చక్కని పొరను అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున సిడ్నీ లోబ్ అను ఆయనయు, మన దేశస్థుడైన శ్రీనివాస సౌరిరాజన్ గారును కలిసి 1959, 1960 ప్రాంతమున నిర్మించిరి. అసలు పనిచేయు పొర మందము మైక్రానులో అయిదవవంతు కూడ నుండదు. దానిని బలమైన గుడ్డవంటి ఆధారముపై పరచి, చాప చుట్టినట్లు చుట్టి, గొట్టములో అమర్చుదురు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోను, గుజరాతునందలి భావనగరు ఉప్పు పరిశోధన సంస్థలోను ఈ పొరలపై పరిశోధన జరుగుచున్నది.

సరిగా నడచు ఆర్‌.ఓ. పొర సీసము, నికెలు, క్రోమియం వంటివానిని నూటికి 95 పాళ్లకు మించి ఆపగలదు. ఆర్సెనిక్ విషయమున జాగ్రత్త కావలెను. భూగర్భమునుండి వచ్చు ఒక రూపమునకు ఆవేశము లేదు. అది పొరను కొంత దాటిపోవును. ముందుగా దానిని గాలితోనో, మందుతోనో రెండవ రూపమునకు మార్చవలెను. ఇక పొరకు శత్రువులు అనేకములు. సున్నపు పెచ్చు కట్టుట, జిగురు పట్టుట, నూనె అంటుట, వీనివలన పొర మూసికొనిపోవును. క్లోరిను తగిలినచో ఈనాటి పొరలు చిల్లులుపడి పాడగును. మాటిమాటికి కడుగుచు, శ్రద్ధతో నడపినచో మూడు నుండి ఐదేండ్లు నిలుచును. శ్రద్ధలేనిచో ఆరునెలలకే చెడును. చెడిన సంగతి బయటివారికి తెలియదు, నీరు మాత్రము మునుపటికంటె ధారాళముగా వచ్చును!

ఇక ముఖ్యమైన సంగతి. పొర లోహమును నాశనము చేయదు. వేరు చేయును, అంతే. 100 లీటర్లు లోనికి పంపినచో 75 లీటర్లు మంచినీరుగా వచ్చినవనుకొందము. ఆపబడిన లోహమంతయు మిగిలిన 25 లీటర్లలో చేరును. మొదట లీటరుకు 2 మిల్లీగ్రాములున్నది ఇప్పుడు 8 మిల్లీగ్రాములగును. కార్ఖానావారు అతిథులకు చూపునది 75 లీటర్ల తేటనీరు. మీరు చూడవలసినది 25 లీటర్ల చిక్కని నీరు. దానిని మరిగించి ఆవిరి చేసి, మిగిలిన ఉప్పుమడ్డిని ప్రమాదకర వ్యర్థముల నిల్వస్థలమునకు పంపవలెను. హైదరాబాదు సమీపమున దుండిగల్లులోను, విశాఖ ప్రాంతమున పరవాడలోను అట్టి స్థలములు గలవు. ఆవిరి యంత్రమునకు బొగ్గు, విద్యుత్తు ఖర్చు మెండు. ఖర్చు తప్పించుకొనగోరువాడు చిక్కని నీటిని వాన కురియు రాత్రి వాగులోనికి వదలుటో, టాంకరుతో ఊరి వెలుపల పారబోయుటో, పాడుబోరులోనికి దింపుటో చేయును. ఈ దుష్కార్యములలో బోరులోనికి దింపుట అన్నిటికంటె ఘోరము. ఏలయన భూగర్భములో చేరినదానిని మరల పైకి తీయు ఉపాయము దాదాపు లేదు.

మడ్డిని నిర్లక్ష్యము చేసిన ఫలమును తమిళనాడులోని రాణిపేటవారు చూచిరి. తోళ్లను పదునుచేయుటలో క్రోమియం వాడుదురు. అచటి తోళ్ల కార్ఖానాల సామూహిక శుద్ధికేంద్రమున మడ్డి నిలువచేసిన తొట్టిగోడ 2015 జనవరి 31 తెల్లవారుజామున కూలి, ప్రక్కన నిద్రించుచున్న కూలీలపై మడ్డి పడగా 10 మంది మరణించిరి. శుద్ధికేంద్రమున్నచోటనే ఈ ప్రమాదము జరిగినది.

ఐతే పొర శుద్ధముగా లాభమునే చేకూర్చు సందర్భములును గలవు. నికెలు పూత పూయు కార్ఖానాలో వస్తువును పూతతొట్టిలో ముంచి, తీసి, నీటితో కడుగుదురు. ఆ కడుగునీరు నికెలు తప్ప వేరు మాలిన్యము లేనిది. దానిని ఆర్‌.ఓ. పొరగుండ పంపినచో చిక్కని భాగము మరల పూతతొట్టికి పనికివచ్చును. తేటనీరు మరల కడుగుటకు పనికివచ్చును. వదలవలసినదే యుండదు. నికెలు ధరగల లోహము గనుక యంత్రపు ఖర్చు కొన్నాళ్లకు తిరిగివచ్చును. మీ పరిధిలో ఇట్టి చిన్న కార్ఖానాలున్నచో యజమానులతో ఈ మాట చెప్పి చూడుడు. బెదరింపుకంటె ఇది మేలుగా పనిచేయవచ్చును.

ఇపుడు మొదటి ప్రశ్నకు వత్తము. ప్రభుత్వ నియమము ప్రకారము కార్ఖానానుండి వాగులోనికి వదలు నీటిలో మొత్తము క్రోమియం లీటరుకు 2 మిల్లీగ్రాములు, నికెలు 3 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.2, సీసము 0.1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చును. త్రాగునీటి ప్రమాణములో క్రోమియం 0.05, నికెలు 0.02, ఆర్సెనిక్ 0.01, సీసము 0.01 మించరాదు. అనగా నియమమును అక్షరాల పాటించిన కార్ఖానా నీరుకూడ నికెలు విషయమున త్రాగునీటికంటె 150 రెట్లు, క్రోమియం విషయమున 40 రెట్లు చెడ్డది కావచ్చును. ప్రవహించు పెద్దనీటిలో కలిసి పలచబడునన్న భావముతో ఆ హద్దులు పెట్టబడినవి. చెరువు ప్రవహించునది కాదు. పశువులు త్రాగును, చేపలు పెరుగును, ప్రక్క బావులలోనికి ఊరును. కనుక "మా నీరు ప్రమాణములకు లోబడియున్నది" అను కాగితము చూపినంతమాత్రమున చెరువులోనికి రానీయరాదని నా నిశ్చితాభిప్రాయము. ఆ నీరు నిజముగా అంత శుభ్రమైనచో కార్ఖానావారే దానిని మరల వాడుకొనవచ్చును గదా! నీటిచుక్క బయటికి వదలకూడదను షరతుతో నడచు కార్ఖానాలు అనేకములు గలవు.

చేతిలో ఇమిడెడు టి.డి.ఎస్. మీటరును నీటిలో ముంచి, అంకె తక్కువగా నున్నది గనుక నీరు మంచిదనుట గ్రామములలో ఆచారమైనది. అది కరగిన ఉప్పులన్నిటి మొత్తమును మాత్రమే చూపును. మొత్తము 300 మిల్లీగ్రాములున్న నీటిలో సీసము 0.05 ఉన్నను, అనగా హద్దుకు ఐదు రెట్లున్నను, ఆ మీటరులో కదలిక యుండదు. గ్రామములకిచ్చిన పరీక్షపెట్టెలు ఫ్లోరైడు, క్లోరిను, కఠినత్వము వంటివానికే గాని సీసమునకు, కాడ్మియమునకు కావు. మరి మీ ఊరి ఆర్‌.ఓ. ప్లాంటు త్రాగునీటిలో లోహమును చాలవరకు ఆపును, నిజమే. పశువులకు, పైరులకు ఆ నీరు పెట్టము గదా. దాని వ్యర్థపునీటిని చేదుడుబావి ప్రక్కనే వదలుట అనేక గ్రామములలో చూచుచున్నాము. అదియు మానవలెను.

చట్టము మీకిచ్చిన సాధనములు కొన్ని గలవు. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము 25వ విభాగము ప్రకారము కాలుష్య నియంత్రణ మండలి ఏ కార్ఖానాకు ఏ షరతులపై నీరు వదలుటకు అనుమతించినదో వ్రాసిన రిజిష్టరును, ఆ నీటివలన బాధితులగువారెవరైనను చూడవచ్చును. పంచాయతీ తీర్మానము చేసి ఆ షరతుల నకలును తెప్పించుకొనుడు. దానిలో దినమునకు ఎన్ని లీటర్లు, ఏ శుద్ధి, మడ్డి ఎచటికి అను వివరములుండును. మడ్డి నిల్వస్థలమునకు పంపినప్పుడు ప్రతి లారీకిని మానిఫెస్టు అను రవాణా చీటీ వ్రాయవలెనని 2016 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. నీరు శుద్ధిచేయుచున్నాము అనువారివద్ద మడ్డి చీటీలు లేనిచో, శుద్ధి జరుగుట లేదనియో, మడ్డి మరెచటికో పోవుచున్నదనియో గ్రహింపవలెను. ఇంతకంటె సులభమైన తనిఖీ లేదు. నష్టము కలిగినచో 2010 చట్టముచే ఏర్పడిన హరిత న్యాయస్థానమునకు ఎవరైనను పోవచ్చును. మన ప్రాంతమునకు సంబంధించిన శాఖ చెన్నపట్టణమున నున్నది. చట్టమున చెప్పిన గడువు దాటనీయరాదు.

నమూనా విషయమున ఒక మాట. న్యాయస్థానమున నిలుచు నమూనాను మండలి అధికారియే, యజమానికి నోటీసు ఇచ్చి తీయవలెను. మీరు తీయునది మీ ఎరుక కొరకు, మండలిని కదలించుట కొరకు. శుభ్రమైన ప్లాస్టికు సీసాను ఆ నీటితోనే మూడుసార్లు తొలిచి, తరువాత నింపుడు. లోహముల పరీక్షకు నింపిన సీసాలో ప్రయోగశాలవారిచ్చిన నత్రికామ్లము చుక్కలు వేయవలెను. లేనిచో లోహము సీసాగోడలకు అంటి, లెక్క తక్కువగా వచ్చును. తేదీ, వేళ, స్థలము వ్రాసి, ఇద్దరు సభ్యులు సంతకము చేయుడు. కార్ఖానా తూమువద్ద ఒకటి, అంతకు ఎగువ వాగులో ఒకటి, దిగువన ఒకటి, మొత్తము మూడు సీసాలు కావలెను. ఎగువ సీసా లేనిచో దిగువనున్న లోహము ఎవరిదో తేలదు. ప్రయోగశాలలో "నీటి పరీక్ష" అనక "భారలోహముల పరీక్ష" అని స్పష్టముగా వ్రాసి అడుగుడు.

సీసాలు, ఆమ్లపు డబ్బా, ఒక పాత ఆర్‌.ఓ. చుట్టను నిలువుగా కోసినది ఈ బల్లపై నుంచితిమి. విరామ సమయమున దగ్గరకు వచ్చి చూచి, సందేహములున్నచో అడుగుడు.